వెర్లిన్ గారి అట్ట

నా భయమల్లా ఒక్కటే. నేను ముఖమైనా ఎరగని వాళ్ళెవరో నా ఆరేళ్ళ కూతురు ఓపల్‌కి నాకంటే ముందు లోకాన్ని చూపించేస్తారని.

ఆ శనివారం పొద్దున మా ఊరి సినిమా హాల్లో నేను కింద పాప్‌కార్న్ యంత్రం వేడి చేస్తుంటే, సినిమా వేసే వెర్లిన్ గారు పై గదిలో ప్రొజెక్టర్ ముందున్న చిన్న కిటికీ అద్దం తుడుస్తున్నారు. ముందు నోటితో ఆవిరి ఊది, తర్వాత పాత బనీను గుడ్డతో మధ్య నుంచి అంచులకు. నలభై నాలుగేళ్ళుగా అదే పద్ధతి. ఆయన ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, రీళ్ళ పెట్టెలు మెట్ల మీదుగా మోసి మోసి. రీళ్ళు పోయి పదేళ్ళు దాటింది. భుజం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ కిటికీ పక్కన మేకుకు ఒక అట్ట వేలాడుతుంది. నూనె డబ్బాలొచ్చే పెట్టె మూత, దానికి రంగు కలిపే పుల్ల ఒకటి పిడిగా కొట్టారు. చేతి చెమటకి పుల్ల నల్లబడి నున్నగా అయిపోయింది. వెనకవైపు నీవా గారు పెన్సిలుతో రాసిన మాట ఇంకా కనిపిస్తుంది: ‘తొందరపడకు వెర్లిన్, ముద్దు దాకా ఆగు.’

నీవా గారు ఆయన భార్య. పోయేదాకా ఇక్కడ టికెట్లు అమ్మేవారు. ప్రతి గురువారం పొద్దున ఇద్దరూ ఖాళీ హాల్లో కూర్చుని కొత్త సినిమా చూసేవారు. పిల్లలు చూడకూడనిది ఎక్కడుందో ఆవిడ రాసుకునేవారు. శుక్రవారం ఆ చోటు రాగానే ఈయన ఒక చేత్తో అట్ట అడ్డం పెట్టి, రెండో చేత్తో శబ్దం తగ్గించేవారు. హాలంతా చీకటి. కింద నుంచి ఎవరో ఒకరు అరిచేవారు.

“వెర్లిన్, అయిపోయిందా?”

“వాళ్ళింకా బట్టలు వెతుక్కుంటున్నారు, నువ్వు పాప్‌కార్న్ తిను!”

హాలంతా నవ్వు. మా అమ్మ నన్ను ఈ హాలుకి ఒంటరిగా పంపేదంటే ఆ అట్ట మీద నమ్మకంతోనే. నేను చెడింది ఇక్కడ కాదు. పదిహేనేళ్ళప్పుడు పెద్ద ఊళ్ళో, స్నేహితులతో చూసిన సినిమాల్లో. వాటిల్లో పిల్ల పొద్దున్నే లేచి, ప్రియుడి చొక్కా వేసుకుని, కాఫీ తాగుతూ నవ్వుతుంది. ఆ తర్వాతి తొమ్మిది నెలలు ఏ సినిమాలోనూ చూపించలేదు. నా పదో తరగతి పుస్తకాలు ఇప్పటికీ అమ్మ మంచం కిందే ఉన్నాయి.

హాలుని రెండేళ్ళ కిందట ఏదో నగరం కంపెనీ కొన్నది. సినిమా ఇప్పుడు కంప్యూటరు ఫైలుగా, తాళం వేసి వస్తుంది, ఆట వేళకే తెరుచుకుంటుంది. గురువారాలు పోయాయి. సినిమాకి ముందు ఏ ప్రకటనలు వెయ్యాలో అక్కడెక్కడో ఆఫీసులో నిర్ణయిస్తారు. శబ్దం పెట్టెకి కూడా ఇనప మూత బిగించారు, దాని తాళంచెవి మేనేజరు ట్రెంట్ దగ్గర. ట్రెంట్‌కి ఇరవై ఆరేళ్ళు. వారానికి ఒక్కరోజు, శనివారం వస్తాడు.

మధ్యాహ్నం వెర్లిన్ గారు మజ్జిగ గ్లాసులో మొక్కజొన్న రొట్టె నలుపుకుని చెంచాతో తింటున్నారు. ఓపల్ ఆయన పక్కన కాళ్ళు ఊపుతూ కూర్చుంది.

“పూర్వం సినిమాల్లో తలుపు మూసేవారు తల్లీ” అన్నారాయన నాతో. “వాళ్ళు లోపలికెళ్ళి తలుపేసుకునేవారు, మనం బయటే ఉండేవాళ్ళం. ఏం జరిగిందో పెద్దవాళ్ళకి తెలిసేది, పిల్లలకి తెలిసేది కాదు. ఇప్పుడు వీళ్ళ కంటే ముందు కెమెరా వెళ్ళి మంచమెక్కుతోంది.”

“ఎందుకు ఎక్కుతుంది తాతా?” అంది ఓపల్.

“నిద్రొచ్చి” అన్నారు.

ట్రెంట్ నవ్వాడు. “పెద్దాయనా, లోకం మారింది. ఇంకా ప్రార్థన చేసి సినిమా మొదలెడతారా ఏంటి?”

“మీ సినిమాల్లో ప్రార్థన చేసేవాడెప్పుడూ హంతకుడేగా. నేను చేస్తే జనం పారిపోతారు.”

రెండింటి ఆట పిల్లల సినిమా. కుందేళ్ళ బొమ్మల కథ. చర్చి బడి పిల్లలతో కలిపి అరవై మంది దాకా ఉన్నారు. దీపాలు ఆరాయి. మిఠాయి ప్రకటన, బూట్ల ప్రకటన, ఆ తర్వాత రాబోయే సినిమాది ఒకటి మొదలైంది. పడగ్గది. ఒక అమ్మాయి. తలుపు దగ్గర కత్తి పట్టుకున్న చెయ్యి. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అరవబోయేలోగా తెర నల్లగా అయిపోయింది. అట్ట అడ్డం పడింది. దేవుడా, ఈయన్ని చల్లగా చూడు అనుకున్నాను.

కాని శబ్దం ఆగలేదు.

ఆ నల్లటి చీకట్లో ఆ అమ్మాయి వదిలెయ్యమని బతిమాలుతోంది. మగ గొంతు నవ్వుతోంది. ఏదో చినుగుతున్న చప్పుడు. తర్వాత కేకలు. ఎవరి పక్కన ఎవరున్నారో కనపడని చీకట్లో అరవై మంది పిల్లలు కూడా కేకలు మొదలుపెట్టారు. నేను సీట్లు తడుముకుంటూ వెళ్ళాను. ఓపల్ సీటు కిందకి దూరి, చెవులు మూసుకుని ఉంది.

“అమ్మా, ఆమెని ఏం చేస్తున్నారు?”

చేతులు చాచి దాన్ని సీటు కింద నుంచి బయటికి లాగాను.

పిల్లని ఎత్తుకునే మెట్లెక్కాను. వెర్లిన్ గారు చేతులు మార్చుకుంటూ, ఒక చేత్తో అట్ట పట్టుకుని, రెండో చేత్తో ఆ ఇనప మూతని లాగుతున్నారు. వేళ్ళ నుంచి రక్తం కారుతోంది.

“మీరు ఊరుకుని ఉంటేనే నయం!” అని అరిచాను. “కళ్ళతో చూసుంటే సినిమా అని తెలిసేది. ఇప్పుడు నా పిల్ల ఏం ఊహించుకుందో నాకెలా తెలుస్తుంది? చేతకానప్పుడు ఇంట్లో కూర్చోవచ్చుగా!”

ఆయన అట్ట దించారు. తెర మీద కుందేళ్ళు గెంతుతున్నాయి.

“మూత సంగతి మర్చిపోయా తల్లీ. నీవా ఉంటే గుర్తుచేసేది.”

ట్రెంట్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే పైకి వచ్చాడు. “తెరకి అడ్డం పెట్టడమేంటి పెద్దాయనా? జరిగింది చెబితే ఆఫీసు వాళ్ళు మండిపడుతున్నారు. రేపటి నుంచి రాకండి.”

“పిల్లల సినిమాకి ఆ రాక్షసపు ముక్క పెట్టినవాడిని కూడా రావద్దన్నారా?” అన్నాను.

“అది పొరపాటు. లిస్టులో కలిసిపోయింది. ప్రకటనే కదా.”

“నీకు పిల్లలున్నారా ట్రెంట్?”

“లేరు. అయితే?”

అయితే ఏమీ లేదు. తీసినవాళ్ళకి, పంపినవాళ్ళకి, దానితో బతికేవాళ్ళకి నా మాట ఒక్కటీ చేరలేదు. ఎవరికి చెప్పాలో కూడా నాకు తెలియదు. నాకు అందుబాటులో ఉన్నది చెయ్యి అడ్డం పెట్టిన మనిషి ఒక్కడే. నా కోపమంతా తీసుకెళ్ళి ఆయన మీద పోశాను.

వెర్లిన్ గారు సినిమా అయ్యేదాకా ఉన్నారు. అద్దం ఇంకోసారి తుడిచారు, మధ్య నుంచి అంచులకు. తాళాలు నా కౌంటరు మీద పెట్టి, మజ్జిగ గ్లాసు కడిగి సంచిలో వేసుకున్నారు. ఓపల్ తల మీద చెయ్యి వెయ్యబోయి, పిల్ల ఉలిక్కిపడితే వెనక్కి తీసుకున్నారు. నేను తల ఎత్తలేదు.

ఇవాళ బుధవారం. ఆదివారం ఆయన చర్చికి రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. షెరీఫు ఆఫీసులో పోలీసులకి చెబితే వీలు చూసుకుని వెళ్తామన్నారు. నా కారు మరమ్మతులో ఉంది, ఓపల్‌కి జ్వరం. దీపం ఆర్పితే ఏడుస్తోంది.

ఇది చదివినవాళ్ళలో ఎవరైనా పాత మిల్లు రోడ్డు మీదుగా వెళ్తే, దయచేసి ఆగండి. వంతెన దాటాక తెల్ల ఇల్లు. ముందు తలుపు కొడితే ఆయనకి వినపడదు, వెనక వంటింటి వైపు వెళ్ళండి. ఒక్కసారి చూసి రండి. కనిపిస్తే, ఆయన వదిలేసి వెళ్ళిన అట్టని నేను తెచ్చానని, అది మా ఇంట్లో, ఓపల్ మంచం పక్కన మేకుకి భద్రంగా ఉందని చెప్పండి. పుల్ల మీద ఆయన రక్తం మరక నేను తుడవలేదు.