రాతిగొలుసును త్రిప్పిన పాత కార్డు

వైశాఖ ప్రభాతవేళ నల్లమల గిరిశ్రేణి వెనుకనుండి వెడలివచ్చిన బాలభానుని లేతకిరణములు ఆళ్లగడ్డ బాటప్రక్కన బారులుతీరిన శిల్పశాలల ముంగిళ్లయందు సగము చెక్కి విడిచిన నందుల మూపురములపైనను ముక్కుమాత్రమే తేలిన దేవతామూర్తులపైనను ఇంకను రూపమెట్టిదో యెఱుగక పడియున్న కృష్ణశిలలపైనను తరతమభేదము లేక ప్రసరించుచుండెను. ఉలులు మేల్కొనెను. రాతిపొడియు మేల్కొని దారినపోవువారి కన్నులకును టీ కొట్టువాని పాలగిన్నెకును సమానముగా పంచబడుచుండెను.

ఇంత మనోహర సమయమున విరూపాక్షాచారి శిల్పశాలలో మాత్రము మనశ్శాంతి కరవయ్యెను. ఆచారి తాతముత్తాతలనాటి విద్యను వ్రేళ్లకొసలయందు నిలుపుకొన్నవాడు. మాట కఱకు. మనసు వెన్నయని ఊరివారందురు గాని ఆ వెన్నను చూచినవారు మిక్కిలి తక్కువ. తల్లి లేని మేనకోడలు హంసవేణిని తన యింటనే పెంచి చిత్రలేఖనము చదివించినవాడును అతడే. ఆమె చదువు ముగించి వచ్చి బొగ్గుగీతలు గీయు గోడప్రక్కన ఒక కంప్యూటరును ప్రతిష్ఠించినప్పుడు నెలదినములు దానివైపు కన్నెత్తి చూడనివాడును అతడే.

ఇప్పుడొక గ్రామమువారు తమ దేవళపు మండపమునకు ఏకశిలాశృంఖలము కావలెనని కోరియుండిరి. అతుకులేక ఒక్క రాతినుండియే వలయములో వలయముగా చెక్కి వ్రేలాడదీయు గొలుసది. ఎక్కడనైన రెండు వలయములు వెండ్రుకవాసి అంటుకొన్నను చెక్కునప్పుడు ఫెళ్లున విఱుగును. ఆచారి తండ్రి చెక్కిన అట్టి గొలుసొకటి కడపటి వలయమున తెగి ఆ శాల గుమ్మముపై నేటికిని వ్రేలాడుచున్నది. దాని క్రిందుగా పోవునప్పుడెల్ల ఆచారి తల వంచుకొనును.

ఆనాటి మధ్యాహ్నము క్రొత్త రాతికి తొలి ఉలిదెబ్బ పడవలసియుండెను. అంతకుముందు హంసవేణి కంప్యూటరులో గీసిన గొలుసును తెరపై అన్నివైపుల త్రిప్పి చూపుమని ఆచారి మునుపే ఆజ్ఞాపించియుండెను. తెర తడబడెనా ఇక శాలకు బొగ్గుగీతయే గతియనియు హంసవేణి పట్టణమున వేఱొక కొలువు చూచికొనవచ్చుననియు తేల్చి చెప్పెను. ఆమెకు పట్టణము వలదు. ఈ రాతిపొడిలోనే బ్రతుకవలెనని ఆమె కోరిక. ఆ మాట వినినది మొదలు ఆమెకు అన్నము సహింపకుండెను.

ఆపద వచ్చునప్పుడు ఒంటరిగా వచ్చునా? తెరపై బొమ్మను త్రిప్పు గ్రాఫిక్సు కార్డు గడచిన వారముననే మాడి మసియయ్యెను. క్రొత్తది కొనుటకు వ్యవధి లేదు. నంద్యాలలో మూతపడిన ఒక నమూనాల కార్యాలయమునుండి హంసవేణి గీతపనికై చేసిన పాత వర్క్‌స్టేషను కార్డునొకదానిని తెచ్చుకొనెను. అది సన్నగా ఒక్క పంకాతో ముఖము చిట్లించుకొన్న గుమాస్తావలె నుండెను. ఆచారి కుమారుడు చెన్నకేశవులు రాళ్లకు నునుపుపెట్టుటలో దిట్ట. తీరిక చిక్కినంతనే కంప్యూటరులో యుద్ధములాడుటలో అంతకన్న దిట్ట. అతడు తన పాత డెస్క్‌టాపు కార్డును తెచ్చి బల్లపై పెట్టెను. మూడు పంకాలు! రంగురంగుల దీపములు! పెండ్లిపందిరికిని దానికిని భేదమే లేదు.

ఈ బక్కప్రాణి గొలుసునేమి త్రిప్పును తానే తిరిగి పడునని బావ వెక్కిరించెను. దీపములు పెట్టినంత మాత్రమున తేరు కదలదని మరదలు బదులుపలికెను. యంత్రమున కార్డు పట్టు తావొక్కటే గనుక ఒకదాని తరువాత నొకటి బిగించి పోల్చిచూచిరి. ఏమి విడ్డూరమో! దీనితోను గొలుసు ఈడ్చుకొనుచు తిరిగెను. దానితోను అచ్చముగా అట్లే ఈడ్చుకొనుచు తిరిగెను. ఆగినచోటనే ఆగెను. మార్చి మార్చి బిగించినను ఫలితము మారలేదు. ఓడినవారు లేరు గనుక గెలుపు తనదేయని చెన్నకేశవులు వాదించెను. వాకిట నిలిచి చూచుచున్న ఆచారి ఏ రాయియైన నేమి పళ్లూడగొట్టుకొనుటకు అని గొణిగి లోనికి పోయెను.

హంసవేణికి దుఃఖము పొర్లివచ్చెను. ఇక ప్రయత్నించి ఫలమేమని యంత్రమునాపి తన కార్డును ఊడదీయుటకు దానిపై చేయి వేసెను. వేసిన చేయి తీయలేదు. ఆ శాలలో ఒక ఆచారము కలదు. క్రొత్తగా వచ్చిన రాతిని తాకి తట్టి ఆలకింపనిదే మంచిదనిగాని చెడ్డదనిగాని అనరాదు. ఘంటవలె మ్రోగినది మూర్తికి పోవును. మెత్తగా మ్రోగినది పీఠమునకు పోవును. మ్రోగనిది పునాదిలో పఱచుటకు పనికివచ్చును. పనికిరాని రాయి లేదు. తావు తప్పి పెట్టినవాడే కలడు. ఆమె కార్డులను పోల్చిచూచినది గాని మనసుపెట్టి తాకి చూడలేదు.

"బావా! ఇది చల్లగా నున్నది. ప్రొద్దుటినుండి చాకిరీ చేసినదానికి వేడి పుట్టవలదా? ఇది పనియే చేయలేదు" అనెను.

ఇరువురును యంత్రము వెనుకకు వంగి చూచిరి. తెరనుండి వచ్చిన తీగ కార్డుకు తగిలింపబడక యంత్రపు సొంత రంధ్రమున దూరి హాయిగా కూర్చుండియుండెను. మునుపటి కార్డు మాడిననాడు పని ఆగకుండుటకై హంసవేణియే తీగనట మార్చి మఱచిపోయెను. ఉదయమంతయు వారు పోల్చినది రెండు కార్డులను గాదు. యంత్రము తన సొంత అల్పశక్తితోనే గొలుసును మోయుచుండగా కార్డులు రెండును పెండ్లికి వచ్చిన చుట్టములవలె ఊరక కూర్చుండెను. చేతిలో వెన్న పెట్టుకొని నేతికై ఊరెల్ల తిరుగుటయన నిదియే. చెన్నకేశవులు పడిపడి నవ్వెను. హంసవేణియు కన్నీరు తుడుచుకొని నవ్వెను.

తీగను సరియైనచోట తగిలించి మరల పోల్చిరి. డెస్క్‌టాపు కార్డు గొలుసుపై ఎండయు నీడయు నిగనిగయు కురిపించి ఱివ్వున త్రిప్పెను. కాని బొమ్మ పైపొరను తొలగించి లోని సన్నని గీతల వలను చూపుమన్నప్పుడు తొట్రుపడెను. గీతలు కొన్ని మాయమయ్యెను. వర్క్‌స్టేషను కార్డు నిగనిగల కడ నిదానించెను గాని గీతల కడ ఒక్క వెండ్రుకనైన జాఱవిడువలేదు. చూడవచ్చు గ్రామస్థులకు నీ కార్డు, కొలతలు చూచుకొను నాకు నా కార్డు అని మరదలనెను. బావ సరేయనెను.

మధ్యాహ్నమున ఆచారి తెరయెదుట నిలిచెను. హంసవేణి గీతల గొలుసును మెల్లగా త్రిప్పెను. అది తడబడలేదు. ఆచారి మాత్రము తడబడెను. కడపటి వలయముకడ ఆపుమని చేయి చూపి కన్నులు చికిలించి చూచెను. పై వలయమునకును దానికిని నడుమ వెలుగు కనబడలేదు. రెండు గీతలు అంటుకొనియుండెను.

"ఆ కొలత నేను చెప్పినదే" అని ఆచారి పలికెను. "నా తండ్రి నాకు చెప్పినదియు అదియే."

అతడు గుమ్మముపైని తెగిన గొలుసువంక ఆనాడు తలయెత్తి చూచెను. కన్నులు చెమ్మగిల్లెను. దాచుకొనవలెనని అతనికి తోచలేదు. హంసవేణి కొలతను సరిదిద్దెను. వలయముల నడుమ సన్నని వెలుగు కనబడెను.

ముంగిట రాతికి పసుపుకుంకుమలు పెట్టి టెంకాయ కొట్టిరి. తొలి దెబ్బ పెద్దశిల్పి వేయుట అచటి వాడుక. ఆచారి సుత్తియు ఉలియు తెచ్చి మేనకోడలి చేతబెట్టి "కొట్టుమమ్మాయీ" అనెను. ఆమె కొట్టెను. రాయి ఘంటవలె మ్రోగెను.

ఇక చెక్కుట పెద్దశిల్పి వంతని తలచి ఆమె సుత్తిని మరల ఇచ్చుటకు చేయి చాచెను. ఆచారి పుచ్చుకొనలేదు.