తొమ్మిదికి అన్యాయం జరగకూడదని

నేను ఒక కాలిక్యులేటర్‌ని. ఫ్యాక్టరీలో నా మీటలన్నీ ఒకే రోజు పుట్టాయి, ఒకే ప్లాస్టిక్కుతో. అనంతపురం వైపు ఒక పశువుల ఆఫీసులో ఆరేళ్ళు చాకిరీ చేశాక చూసుకుంటే ఒకటి మీట మీది అంకె చెరిగిపోయింది, తొమ్మిది మాత్రం కొత్తపెళ్ళికొడుకులా మెరుస్తోంది.

ఇందులో మాయేం లేదండీ. వెయ్యి గొర్రెల ఊరు రెండువేలకు చేరాలంటే మంద రెట్టింపు కావాలి. ఎనిమిదివేలున్న ఊరు తొమ్మిదివేలకు చేరాలంటే ఎనిమిదో వంతు పెరిగితే చాలు. అందుకే మందలు పెరిగినా తరిగినా వాటి లెక్కలో మొదటి అంకె ఒకటి దగ్గరే ఎక్కువ కాలం పడుంటుంది. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కదు!

ఆ యేడాది గొర్రెల లెక్కకు కాంట్రాక్టు మీద వన్నూరమ్మ వచ్చింది. లెక్క సరిగ్గా తెస్తేనే ఉద్యోగం ఇంకో ఏడు సాగుతుంది. పాపం, అరవై ఊళ్ళు ఎండనపడి తిరిగింది. ఆమె తెచ్చిన పట్టీ చూసి పైఅధికారి పరాంకుశరావు కళ్ళెర్రజేశారు.

"ఏమ్మా, ఇరవై ఊళ్ళ లెక్క ఒకటితోనే మొదలైతాందే! తొమ్మిదితో మూడే! ఇంట్లో కూచోని రాసినావా?"

"గొర్రెలు అట్లుండాయి సార్, నేనేం జేసేది?"

సారుకు సమానత్వమంటే ప్రాణం. ఎర్రసిరా పెన్ను తీసి తలా ఆరేడు ఊళ్ళు అంకెలన్నిటికీ పంచిపెట్టారు. 1,140 ఉన్న ఊరు 9,140 అయింది. ఒక్క గొర్రె ఈనకుండానే ఎనిమిదివేల గొర్రెలు పుట్టుకొచ్చాయి! నాకు నవ్వాగలేదు, వన్నూరమ్మకు ఏడుపాగలేదు.

దిద్దిన ప్రతిచోటా దిద్దినవాళ్ళే పొట్టి సంతకం పెట్టాలన్నది ఆఫీసు ఆనవాయితీ. "మీరే దిద్దినారు, మీరే పెట్టండి సార్," అందామె మెల్లగా. సంతకమంటే పడిచచ్చే సారు ఇరవైకి పైగా ఊళ్ళ పక్కన ముచ్చటగా పెట్టేశారు.

నెల తిరక్కుండా జిల్లా ఆఫీసు నుంచి ఒక మేడమ్ దిగింది.

"అంకెలన్నీ సమానంగా కూచున్నాయి. నిజం లెక్కలు ఇంత బుద్ధిగా ఉండవు. ఎవరు వండినారు?"

సారు వేలు టక్కున వన్నూరమ్మ వైపు తిరిగింది. మేడమ్ పట్టీ విప్పి, కొట్టివేతల పక్కన వేలు పెట్టి అడిగింది: "మరి ఈ సంతకం?"

సారు పట్టీ మీదికి వంగి చూశారు. "సంతకం నాదే మేడమ్... చెయ్యి నాది కాదు."

ఛీ, ఆరేళ్ళు ఈయన చేతికిందా పనిచేశాను! ఇప్పుడు పాతసామాను పెట్టెలో ఉన్నాను, హాయిగా ఉంది. వన్నూరమ్మకు ఇంకో ఏడాది ఉద్యోగం దొరికింది. అరవై ఊళ్ళూ మళ్ళీ తిరుగుతోంది, గొర్రెలను ఎట్లా లెక్కపెట్టాలో, మేడమ్ హుకుం మీద వెంట నడుస్తున్న సారుకు నేర్పుతూ.