డ్రైవరు మార్చాలంట

ఇమ్మానుయేలు బస్సు అద్దాలు తుడుస్తున్నాడు. కుడివైపు అద్దాన్ని ఒక్కసారి తుడిచి వదిలేశాడు గానీ ఎడమ అద్దం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగడం లేదు. నోటితో ఆవిరి ఊదుతాడు, పాత లుంగీ గుడ్డతో రుద్దుతాడు, వెనక్కి వెళ్ళి చూస్తాడు, మళ్ళీ వచ్చి రుద్దుతాడు. ఆ అద్దంలో మచ్చ ఉందని అతని నమ్మకం. మొన్న వానల్లోనే కంపెనీతో గొడవపడి కొత్త అద్దం వేయించుకున్నాడు. తీరా బిగించాక చూస్తే దానికీ మచ్చే. అదే చోట.

మనిషి పొట్టి. చేతులు మాత్రం దేవుడు ఇంకెవరికో కొలిచి పొరపాటున ఇతనికి తగిలించినట్టు పొడుగు. కుడి మోచెయ్యి కిటికీ ఎండకి మాగి, ఎడమదానికంటే ఒక రంగు నలుపెక్కువ. తండ్రి మిషను కాంపౌండులో తోటపని చేసేవాడు. కొడుకు ఏదో ఒక చక్రం పట్టుకుని బతికితే చాలనుకుని, ఆసుపత్రి జీపు డ్రైవరు దగ్గర వదిలాడు. జీపు తరవాత ఇటుకల లారీ, లారీ తరవాత పెళ్ళి బస్సులు, చివరికి ఈ మందుల కంపెనీ స్టాఫు బస్సు. ఇన్నేళ్ళలో ఒక కోడిపిల్ల మీద కూడా టైరు ఎక్కించింది లేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి ఆ ఒక్క మాటే చెప్పి కూర్చునేవాడు. ఈ మధ్య లేవడం మానేశాడు.

జ్ఞానసుందరి టీ తెచ్చింది. ఇచ్చి లోపలికి పోకుండా నిలబడింది. ఆవిడ అలా నిలబడిందంటే ఏదో ఉన్నట్టే. మామగారు పోయిన కబురు కూడా అంతే, మొగుడు టీ ఆఖరి గుక్క మింగేదాకా ఆగి చెప్పిన మనిషి.

“నిన్న సందేల నా ఫోనుకి ఎవుడో సేసినాడండీ,” అంది గ్లాసు ఖాళీ అయ్యాక. “రాత్రి సెప్తే నిద్దరోరని సెప్పనేదు.”

“ఏటంట?”

“డ్రైవరు మార్చాలంట. పాతదాంతోటి ఇంక పనవ్వదంట. మీతోటి సెప్పీమన్నాడు.”

“ఎవులు?”

“అడగడానికి నాకు నోరు రానేదు.”

పాతది అన్నాడు. పాతవాడు అని కూడా అనలేదు, పాతది. టైరుని అన్నట్టు, బ్యాటరీని అన్నట్టు. కంపెనీవాళ్ళకి మనిషైనా సామానైనా ఒకటేనని అతనికి తెలియక కాదు. ఆ మాట పెళ్ళాం నోటివెంట వినాల్సి వస్తుందనుకోలేదు. ఆవిడ చేతిలోని చిన్న ఫోను తీసుకుని చూశాడు. పేరు లేని నంబరు. తిరిగి చేస్తే ఎవరో తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే చెయ్యలేదు. ఫోను ఆవిడకి ఇచ్చేశాడు.

“తెలిసిపోనాదేటండీ వాలకి?” అంది జ్ఞానసుందరి, గోడ వినేస్తుందన్నట్టు.

ఏం తెలిసిపోయిందో ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు. కొన్నాళ్ళుగా అన్నం దగ్గర మంచినీళ్ళ గ్లాసు అతని కుడి పక్కన పెడుతోంది ఆవిడ. ఎడమ పక్క పెడితే తన్నేస్తున్నాడు మరి. ఎందుకు జరిపావని అతను అడగలేదు, ఇందుకని ఆవిడ చెప్పలేదు. కాపురంలో కొన్ని సంగతులు అలా గ్లాసు జరిపినట్టే జరిగిపోతాయి.

అరసవల్లి జంక్షనులో తాతమ్మ ఎక్కింది. కంపెనీ క్యాంటీనులో గిన్నెలు తోముతుంది. చేపలమ్మే ఇంటి ఆడమనిషి, పడవ మీదున్నవాణ్ణి ఒడ్డునుంచి పిలవగల గొంతు. ఇంజిను పక్కన ఎడం సీటు ఆవిడది. ఇంకెవరు కూర్చున్నా లేపేస్తుంది. అది ఆవిడ పొగరని బస్సంతా అనుకుంటుంది.

“ఎడం పక్క ఆటో ఉన్నాది తమ్ముడూ. ఆడు కదల్డు, నువ్వెల్లిపో. ఇదిగో, సైకిలు ముసిలోడు. గట్టుకే ఉన్నాడులే.”

“ఏటి పిన్నీ, క్లీనరు ఉద్యోగం కూడా నీదేనేటి?” వెనకనుంచి ఎవడో అన్నాడు.

“ఔనురా. నీ పెల్లికి బస్సు కూడా నానే తోల్తాను. పిల్లనిచ్చేవోడు దొరకనీ.”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల సందులో తాతమ్మ ముందుకి వంగి, గొంతు తగ్గించింది. “అరసవిల్లి దేవుడికి వెండికల్లు మొక్కుకో తమ్ముడూ. మా అత్తకి నీటికాసులొచ్చి ఒక పక్క సీకటైపోతే మేం ఇలగే మొక్కినాం.”

“తగ్గినాదా అప్పా?”

తాతమ్మ రోడ్డుకేసి చూసింది. “మొక్కడం ఆలీసమైపోనాది.”

“మేం కిరస్తానోలం.”

“అయితే సూరీడు నీకు వేరేగా పొడుస్తాడేటి?”

అతను నవ్వలేదు. కంపెనీలో తన గురించి ఏమైనా అనుకుంటున్నారా అని అడుగుదామనుకున్నాడు. అడగలేక హారను కొట్టాడు. డ్రైవరు మార్చాలంట. ఇంజిను కూడా అదే అంటున్నట్టుంది. గేరు మార్చినప్పుడల్లా అదే.

హైవే మీంచి కంపెనీ రోడ్డులోకి ఎడమకి తిరగాలి. అతను అద్దం చూశాడు. మచ్చ ఉంది, మచ్చ చుట్టూ ఖాళీ రోడ్డుంది. తల కాస్త తిప్పి చూశాడు. ఖాళీయే. స్టీరింగు తిప్పాడు.

“ఆపూ! ఎడం! ఆపరా బాబూ!”

బ్రేకు మీద కాలు ఎప్పుడు పడిందో అతనికే తెలీదు. నిలబడ్డవాళ్ళు ఒకరిమీద ఒకరు పడ్డారు. క్యారేజీ ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఇంజిను పెట్టెకి కొట్టుకుని ఆగింది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. అంత భయంకరమైన నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు. కిందనుంచి ఏదో ఒకటి వినపడాలి, ఏడుపైనా సరే. వినపడలేదు.

అప్పుడు తలుపు పక్కనుంచి ముందు ఒక చెయ్యి లేచింది. తరవాత ముగ్గుబుట్టలాంటి తల. గడ్డిమోపు ఎత్తుకెళ్తున్న ముసలమ్మ, చెదిరిపోయిన గడ్డి మధ్యనుంచి లేచి నిలబడింది. టైరుకీ ఆవిడకీ మధ్య చేరెడు గడ్డి పట్టేంత చోటు.

“కల్లు నేవేట్రా నీకు!”

రోడ్డు మీద రోజూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తిట్టే తిట్టే అది. అతను మాత్రం ఆ తిట్టుకి తల వంచేశాడు.

తాతమ్మ వెనక్కి తిరిగి, “మేక అడ్డొచ్చినాదర్రా, కూకోండి,” అని అరిచింది. తరవాత కంపెనీ గేటు వచ్చేదాకా ఎడం పక్కనుంచి కళ్ళు తిప్పలేదు.

అతను ఆ ముసలమ్మని ఆలస్యంగా చూడడం కాదు, అసలు చూడనే లేదు. అక్కడ గట్టు ఉంది, వెలుతురు ఉంది, గడ్డి ఉంది. మనిషి లేదు. బస్సు ఆపుకుని ఎంతసేపు కూర్చున్నా, కళ్ళు మూసుకుని ఆ చోటు గుర్తు తెచ్చుకున్నా, మనిషి రావడం లేదు.

మధ్యాహ్నం షెడ్డు నీడలో మిగతా డ్రైవర్లు పేకాడుతుంటే అతను దూరంగా కూర్చుని ఆఫీసు గుమ్మం చూస్తూ ఉన్నాడు. పిలుస్తారు. ఇప్పుడు కాకపోతే ఇంకాసేపటికి పిలుస్తారు. సూపర్‌వైజరు కూర్మయ్య రానే వచ్చాడు. ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు, తీర్పు వినేవాడిలా. “డీజిలు సరిపోద్దా?” అని అడిగి కూర్మయ్య వెళ్ళిపోయాడు. చెప్పేస్తే ఒక భయం. చెప్పకుండా వెళ్ళిపోతే నూరు.

ఆ రోజుల్లో అతనికి భయం లేని చోటు ఒక్కటే ఉండేది, ఇంట్లో కంప్యూటరు. కూతురు ప్రిస్కిల్లా పెళ్ళై విజయనగరం వెళ్తూ వదిలేసిన పాత కంప్యూటరు. అందులో విమానం నడిపే ఆట ఉంది. జన్మలో విమానం ఎక్కని మనిషి, రోజూ సందేళ విశాఖపట్నంలో లేచి సముద్రం మీద ఒక చుట్టు చుట్టి దిగేవాడు. “ఏటండీ, పగలంతా తోలింది సాల్నేదా?” అని జ్ఞానసుందరి దెప్పేది. ఆవిడకి ఎలా చెప్పడం? ఆ విమానంలో ఎవరూ ఎక్కరు, దాని కింద ఎవరూ నడవరు. కొండకి కొట్టేసినా మీట నొక్కితే చాలు, చిన్న గీతైనా పడకుండా మళ్ళీ రన్‌వే మీద నిలబడి ఉంటుంది. బస్సుకి ఆ మీట లేదు.

ఆ విమానం కూడా ఈ మధ్య మొరాయించింది. ఆగి ఆగి కదులుతోంది, రన్‌వే ఎడమ అంచు తెగిపోతోంది. పాలకొండ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే హరిబాబు ఫ్యానులో దుమ్ము ఊదాడు, ర్యామ్ మార్చాడు. లాభం లేకపోయింది. కంప్యూటరు డబ్బాని కొట్లోనే వదిలి, కొత్త మానిటరు చూడడానికి ఈ సాయంత్రం వస్తానని చెప్పి ఉన్నాడు ఇమ్మానుయేలు.

జనాన్ని దింపేశాక బస్సు తిన్నగా ఆ కొట్టు ముందు ఆపాడు. హరిబాబు స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి నవ్వాడు.

“వచ్చినావా మావా! అత్త సెప్పినాదా? నీ ఫోను కలవకపోతే ఆవిడకి సేసినాను. డ్రైవరు పాతదైపోనాది. దానివల్లే నీ విమానం ఆగాగి కదుల్తన్నాది.”

“డ్రైవరా?”

“గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు. కార్డుని నడిపే ప్రోగ్రాముని అలగే అంటారు మావా. పాతది పీకీసి కొత్తది ఎక్కించీసినాను.”

ఇమ్మానుయేలు స్టూలు మీద కూలబడ్డాడు. ముందు పొట్ట కదిలింది, తరవాత భుజాలు. కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఎందుకో తెలీకపోయినా హరిబాబు కూడా నవ్వాడు. పొద్దుటినుంచి మోసిన భయం దిగిపోయింది. కంపెనీ కాదు. ఎవరికీ తెలీదు. ఆ కాసేపూ గడ్డిమోపు ముసలమ్మని కూడా మరిచిపోయాడు, అంత సంతోషం.

“పెద్ద మానిటరు సూపించరా,” అన్నాడు ధీమాగా.

“పెద్దదెందుకు మావా? తెర మీద చుక్కలెక్కువైతే నీ పాత కార్డు లాగనేదు, మళ్ళీ ఆగాగి కదుల్తాది. ఈ మధ్యరకం తీసుకో. పక్కనుంచి సూసినా రంగు మారదు.”

“నాకు పక్కలే కావాలి. రన్‌వే ఎడం అంచు తెగిపోతన్నాదంటే నీకు అర్థమవదేటి?”

“తెగడమేటి మావా?” అంటూనే హరిబాబు మానిటరు తగిలించాడు.

విమానం లేచింది. ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు, నూనె రాసినట్టు పోతోంది. సముద్రం నీలంగా మెరిసింది. ఇమ్మానుయేలు పొడుగు చేతులు దగ్గరికి ముడిచి, పెదవులు బిగించి, ఊరి మీదకి తిప్పాడు.

“ఎడం పక్క కొండ మావా.”

“ఏదీ?”

“కొండ! కొండ!”

తెర ఆగిపోయింది. హరిబాబు ఇంకో మానిటరు పెట్టాడు, అంతకంటే పెద్దది. మళ్ళీ కొండ. మూడోది పెట్టాడు. కొండకి గుద్దేముందు ఈసారి హరిబాబు కొండని చూడలేదు, మావ మొహాన్ని చూశాడు. తరవాత ఎడం పక్కకి వచ్చి నిలబడి చెయ్యి ఎత్తాడు.

“ఇవి ఎన్ని వేల్లు మావా?”

“ఏ సెయ్యిరా?”

కొట్లో ఫ్యాను తిరుగుతోంది. హరిబాబు చెయ్యి దించేశాడు. దించిన సంగతి కూడా ఇమ్మానుయేలుకి తెలీలేదు.

“విశాపట్నం నుంచి మంచి మానిటరు తెప్పిస్తాను మావా,” అన్నాడు హరిబాబు, నేలకేసి చూస్తూ.

“వద్దురా. మానిటర్లన్నీ బాగున్నాయి.”

బయటికొచ్చాడు. పొద్దు వాలుతోంది. బస్సుకి ఎడమ పక్కన తోపుడుబండి, దాని చుట్టూ ఆడవాళ్ళు ఉండాలి. మాటలు వినపడుతున్నాయి. తల పూర్తిగా తిప్పితే ఒక్కొక్కరే వచ్చారు, చీకటి గదిలోంచి వచ్చినట్టు. ఇల్లు దగ్గరే. మెల్లగా పోతే ఏమీ కాదు. ఈ ఒక్క పూటకి. తాళంచెవి తలుపులో పెట్టాడు. చెయ్యి ముందుకి తిరగలేదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో, తోపుడుబండి కూడా వెళ్ళిపోయింది.

తలుపు తెరవకుండానే తాళంచెవి తీసి, కొట్లోకి వెళ్ళి బల్ల మీద పెట్టాడు. “కూర్మయ్యకి ఫోను కలిపీరా. నంబరు నాను సెప్తాను.”

ఫోనులో తిన్నగా చెప్పాడు. “అయ్యా, బండి పాలకొండ రోడ్డులో ఉన్నాది. తాళం హరిబాబు కాడుంది. రేపటికి ఇంకెవులినైనా పంపండి. బండికేటీ అవనేదు. నాకే ఎడం పక్క సూపు నేదు.”

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు అటువైపు కూర్మయ్య. “తాళం బల్ల మీదెట్టినానయ్యా,” అన్నాడు ఇమ్మానుయేలు. “సరే. అప్పలసూరిని పంపుతాను,” అన్నాడు కూర్మయ్య.

ఆటోలో వెనక సీటులో కూర్చుని వెళ్ళాడు. రోడ్డు తన చేతిలో లేకుండా కదులుతుంటే ముందు కాలు బ్రేకు కోసం వెతికింది, తరవాత ఒళ్ళంతా బరువెక్కి కళ్ళు మూతలు పడ్డాయి.

జ్ఞానసుందరి బస్సు చప్పుడు కోసం గుమ్మంలో నిలబడి ఉంది. ఆటో దిగిన మొగుణ్ణి చూసి ముందు పోల్చుకోలేదు.

“బస్సేదండీ? అయితే మార్చీసినారేటి?”

“వాలు కాదు. నానే మార్చీసినాను.”

ఆవిడ ఏడవలేదు. అతని ఎడమ పక్కకి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుంది. గడప దగ్గర వంగి చూసి, “సెప్పులేవీ?” అంది.

అతను కిందికి చూసుకున్నాడు. బస్సు తోలేటప్పుడు చెప్పులు విప్పి సీటు కిందికి నెట్టడం జీపు నాటినుంచీ ఉన్న అలవాటు. హరిబాబు కొట్టు దగ్గర వాటిని వేసుకోకుండానే దిగిపోయాడు.

పాలకొండ రోడ్డులో తాళం వేసిన బస్సులో, ఖాళీ సీటు కింద, మడమల దగ్గర అరిగిపోయిన ఆ తోలుచెప్పులు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని, వేళ్ళ అచ్చులు అలాగే ఉండి, రోడ్డుకేసి తిరిగి ఉన్నాయి.