లాగని తాడు

సున్నివ మరో మతాబును ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో అడుగున వేలాడే తాడును గట్టిగా లాగింది. బుస్సుమని ఎర్రటి మంట లేచింది. ఆమె బొటనవేలు అలవాటుగా మెడలోని స్టాప్‌వాచ్ మీదికి పోయింది. మంటను తిన్నగా చూస్తే కళ్ళు దెబ్బతింటాయి కాబట్టి నీళ్ళమీద పరుచుకున్న ఎరుపునే చూస్తూ నిలబడింది. అది నల్లబడగానే వాచ్ ఆపి సెకన్లు చెప్పింది. వెనక షెడ్డు గుమ్మంలో కూర్చున్న ఇంజనీరు రైదార్ వాటిని రాసుకున్నాడు.

ఆమెకు అరవై దాటాయి. పొట్టి మనిషి. తలకు ఊలు గుడ్డ, ఒంటిమీద చనిపోయిన మొగుడి తోలు కోటు. చేతులకు మాత్రం ఏమీ తొడుక్కోదు. తొడుగులుంటే తాడు లాగిన పట్టు తెలియదని ఆమె పట్టుదల. దాంతో చలికాలమంతా వేళ్ళ కణుపులు వాచి, రాత్రిళ్ళు సలుపుతాయి. డాక్టరు గుండెకు మాత్రలిచ్చి మెట్లెక్కొద్దన్నాడు. ఆమె ఇల్లేమో కొండవాలున ఉంది. డాక్టరు మాట విని తలూపి, మెట్లెక్కి ఇంటికి వెళ్ళింది.

నార్వే పడమటి తీరంలో ఆ చిన్న రేవుకు రెండే ఆధారాలు, చేపల వేట, ఈ మతాబుల ఫ్యాక్టరీ. సముద్రంలో ఆపదలో పడ్డవాళ్ళు ఎత్తి చూపే మతాబులవి. ఒకసారి కలిపిన మందుతో నింపినవన్నీ ఒక వాయి. వాయికి వేలల్లో ఉంటాయి. అందులోంచి ఇరవై ఏరి కాల్చి చూస్తారు. అన్నీ కాల్చి చూడలేరు కదా, కాల్చింది బూడిదవుతుంది, కాల్చనిదే పడవెక్కుతుంది. అంటే సముద్రం మీదికి వెళ్ళే ఏ మతాబునూ ఎవరూ పరీక్షించి ఉండరు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి తట్టి సున్నివ గుండె గుబేలుమంది. ఆ గుబులు ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

రైదార్ వచ్చిన కొత్తలో ఆమెకు ధైర్యం చెబుదామని లెక్క విప్పి చెప్పాడు.

"మంచి వాయిలో కూడా నూటికి రెండు చచ్చువి ఉంటాయి సున్నివమ్మా. ఇరవైలో ఒకటి వెలక్కపోతే అది ఊరికే జరిగిందనుకోవచ్చు. రెండు వెలక్కపోతే మాత్రం ఊరికే జరిగిందని నమ్మడం కష్టం. అప్పుడు వాయి మొత్తం వెనక్కే."

"నిజానికి అది మంచి వాయే అయితేనో?"

"అయినా వెనక్కే. అలా నూటికి ఐదారుసార్లు మంచిదాన్ని కూడా తిప్పి పంపుతాం. తెలిసే పంపుతాం."

"మరి చెడ్డ వాయి అయ్యుండి, మన ఇరవై మాత్రం చక్కగా వెలిగితే?"

రైదార్ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని సముద్రం వంక చూశాడు. "అదీ జరుగుతుంది. మనం మంచిదని తేల్చడం లేదమ్మా. చెడ్డదని తేలలేదు అంటున్నాం, అంతే."

ఆ మాటతో ఆమెకున్న కాస్త ధైర్యం కూడా పోయింది.

ఇవాళ ఏడాది ఆఖరి రోజు. ఒంటిపూట పని. పడవలన్నీ ఎల్లుండి ఉత్తరాన కాడ్ చేపల వేటకు బయల్దేరతాయి. వాటికి అందాల్సిన వాయి ఇదే. మొదట్లోనే ఒకటి వెలగలేదు. తాడు ఊడి చేతికొచ్చింది, మందు కదల్లేదు. ఒకటి పోతే ఫరవాలేదని ఇద్దరికీ తెలుసు. అయినా అప్పటిదాకా షెడ్డు గుమ్మంలో రైదార్ వేస్తున్న ఈల ఆగిపోయింది.

చివరి మూడింటికి ముందుదాని తాడు సున్నివ లాగింది. ఏమీ కాలేదు. మళ్ళీ లాగింది. బుస్సుమని వెలిగి, నిండా కాలి ఆరింది.

రైదార్ లేచొచ్చాడు. "వెలిగింది కదమ్మా?"

ఆమె తన వేళ్ళవంక చూసుకుంది. మొదటిసారి తాడు బిగువుగా తగిలిందా, వేళ్ళలోంచి జారిందా? మతాబుది తప్పా, చేతిదా? గుర్తు చేసుకుందామంటే వేళ్ళకు స్పర్శే లేదు.

"తెలీదు బాబూ."

"చెయ్యి జారి ఉంటుంది. దీన్ని లెక్కలోంచి తీసేద్దాం. పెట్టెలోంచి ఇంకొకటి తెచ్చి కాలిస్తే సరి."

"అది వెలక్కపోతే దాన్నీ తీసేసి ఇంకోటి తెస్తావా? నచ్చిందాకా కాలుస్తూ పోతే ఏ వాయి అయినా నెగ్గుతుంది."

రైదార్ ముఖం చిన్నబోయింది. మిగిలిన మూడూ కాల్చారు. మూడూ వెలిగాయి. అతను షెడ్డులో కూర్చుని సగటు కట్టాడు. నిమిషం కాలాల్సింది, సగటున ఆవగింజంత తక్కువ వచ్చింది.

"ఈ తేడా ఊరికే రావచ్చు. సగటుతో పేచీ లేదు," అన్నాడు. "ఇక ఆ ఒక్కటే. మీరు వెలిగిందంటే వాయి పడవలెక్కుతుంది, లేదంటే తిరిగిపోతుంది. మొదటిసారి ఏమైందో నేను చూడలేదు, మీ చేతిలో జరిగింది. మీరే చెప్పాలి."

సున్నివ కుర్చీ లాక్కుని కూర్చుంది. చెడ్డ వాయిని పంపిస్తానేమోనన్న భయం అందరికీ అర్థమవుతుంది. ఆమెకున్న రెండో భయాన్ని రైదార్ ఎరగడు. ఇలాంటి చలికాలంలోనే ఒకసారి, రెండు చచ్చువి వచ్చాయని ఆమె వాయిని తిప్పి పంపింది. పాత ఇంజనీరు సరేనన్నాడు, ఎవరూ తప్పనలేదు. పడవలు ఏవో మిగిలిపోయిన పాత మతాబులతో వేటకు వెళ్ళాయి. ఆమె మొగుడు కొర్నీలియస్ పడవ తిరిగి రాలేదు. ఆ రాత్రి దగ్గర్లోనే ఇంకో రెండు పడవలున్నాయి. వాళ్ళెవరికీ ఎర్ర వెలుగు కనబడలేదు. ఆ తిప్పి పంపిన వాయి, నూటికి ఐదారుసార్లు జరిగే ఆ పొరపాటేనేమో. మంచి మతాబులను మొగుడి చేతికి అందకుండా తనే ఆపిందేమో. ఈ ఆలోచన వస్తే చాలు, ఆమెకు ఊపిరాడదు.

వేళ్ళు చాపి చూసుకుంటూ అంది, "పడవ మునుగుతున్నవాడి వేళ్ళు నా వేళ్ళకన్నా కొంకర్లు పోయుంటాయి. వాడికి జారినా వెలగాలి. వెలగలేదని రాసుకో."

రైదార్ అలాగే రాశాడు. "పాపం, ఈ ఏడు పాతవాటితోనే పోతారు," అన్నాడు కాగితం మడుస్తూ.

సున్నివ దిగ్గున లేచింది. ఆ ఊళ్ళో ఏడాది ఆఖరి సాయంత్రం ప్రతి పడవా పాత మతాబులను సరదాగా కాల్చేస్తుంది. కొత్తవి వస్తాయన్న ధీమా. పిల్లలు కేరింతలు కొడతారు, రేవంతా ఎర్రబడుతుంది. సున్నివ ఒక్కతే కిటికీలో కూర్చుని ఎన్ని వెలగలేదో లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. చీకటి పడటానికి ఇంకో గంట కూడా లేదు. వీళ్ళు పాతవీ కాల్చేస్తే ఎల్లుండి ఉత్త చేతులతో సముద్రం మీదికి పోతారు.

గట్టుమీద మంచు గడ్డకట్టి ఉంది. ఆమె పడవల తాళ్ళు పట్టుకుంటూ, ఆగుతూ నడిచింది. ఎడమ భుజం లాగేస్తోంది. మొదటి పడవ మరిది ఓముండ్‌ది. అతను అప్పటికే మతాబుల పెట్టె తెరిచి పిల్లలకు పంచబోతున్నాడు.

"రా వదినా, ఈసారి నువ్వే మొదటిది వెలిగించు. ఊరికే లెక్కపెట్టడం కాదు."

"పెట్టె ముయ్యి ఓముండ్. వాయి తిరిగిపోయింది."

"ఇప్పుడు కాల్చొద్దంటే ఈ పిల్ల రాక్షసులు నా గడ్డం కాలుస్తారే."

"మీ అన్న పోయిన ఏడు కూడా ఇలాగే కాల్చేశారు, ఏవో నాలుగే మిగిలాయి." ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉంది ఓముండ్. చాలా భయంగా ఉంది."

పాతికేళ్ళలో వదిన నోట ఆ మాట అతను వినలేదు. పెట్టె మూసి పిల్లల చేతుల్లోవి కూడా లాక్కున్నాడు. "నువ్వు ఇంటికి పో. మిగతావాళ్ళకు నేను చెప్తాను."

"అవతలి గట్టు నీది, ఇవతలిది నాది," అని ఆమె ముందుకు నడిచింది. కొందరు విసుక్కున్నారు. ఒకడు ముసలిదానికి మతి పోయిందన్నాడు. అతని పడవ ముందు ఆమె కదలకుండా నిలబడింది. ఆఖరికి అతనూ పెట్టె మూశాడు.

చీకటి పడ్డాక ఆమె మెట్లెక్కి ఇల్లు చేరింది. కాఫీ కాచుకుని, కోటు విప్పకుండానే వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీ గట్టుమీద, పూలకుండీ పక్కన ఒక మతాబు నిలబెట్టి ఉంది. అది ఆ ఏడు తిప్పి పంపిన వాయిలోది. ఆ వాయిని సముద్రంలో పారబొయ్యక ముందు ఒకటి కోటులో దాచి తెచ్చుకుంది. "కాల్చి చూడరాదా వదినా, తేలిపోతుంది," అని ఓముండ్ ఎన్నోసార్లన్నాడు. ఒక్కటి కాలిస్తే వాయి సంగతి ఏం తేలుతుందని ఆమె కసిరేది. ఆ మాట నిజమే. కానీ అది వెలుగుతుందేమోనన్న భయం అంతకన్నా నిజం.

కింద రేవు చీకటిగా ఉంది. ఎక్కడా ఎర్ర వెలుగు లేదు. చర్చి గంటలు మోగినా ఎవరూ ఒక్కటీ కాల్చలేదు. అంత మంది తన మాట విన్నారని ఆమెకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. మూసిన పెట్టెలన్నీ మనసులోనే ఒకసారి చూసుకుంది. భుజం నొప్పి రొమ్ములోకి దిగింది. కాఫీ కప్పు కింద పెట్టి కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున ఓముండ్ రొట్టెలు పట్టుకుని వచ్చాడు. తలుపు వేసి లేదు. వదిన కుర్చీలో కిటికీ వైపు తిరిగి ఉంది. పిలిచాడు, చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా తగిలింది. రొట్టెల మూట బల్లమీద పెట్టి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాడు. తెల్లారినా వెలుతురు ఇంకా సరిగ్గా రాలేదు.

కాసేపటికి లేచి మతాబును చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కోసమైనా ఒక్కసారి వెలిగిద్దామనిపించి వేలు తాడు దాకా పోయింది. ఆమె ముఖం చూశాడు. వేలు వెనక్కి తీసుకుని మతాబును పూలకుండీ పక్కన, దుమ్ములో దాని అడుగు అచ్చుపడిన గుండ్రటి చోటే పెట్టాడు. ఆమె తుడిచి తుడిచి ఉంచిన రేకు గొట్టం మెరుస్తోంది. దాని తాడు ఫ్యాక్టరీలో చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది.