వంతెన కింది కంచు

ఛిక్. ఛిక్. ఛిన్... ఛిక్.

క్లెయిబోర్న్ వీధి మీదుగా పోయే వంతెన స్తంభాల నడుమ ఆ చప్పుడు ఇటు తగిలి అటు తగిలి, పైన ఉరికే లారీల రొదలో కాసేపు మునిగి, మళ్ళీ పైకి తేలింది.

"ఎవరమ్మా అక్కడ అంట్లు తోముతున్నది?" అంటూ ట్యూబా అనే పెద్ద బాకాను ఒంటికి చుట్టుకుని న్యూమా వచ్చాడు. బ్యాండులో అందరికంటె లావుపాటివాడు, అందరికంటె తేలిక నోటివాడు.

నీడలో పాత దుప్పటి పరిచి ఉంది. దుప్పటి మీద కంచు తాళాలు. వాటి మధ్య, పెద్ద డ్రమ్మును మోకాళ్ళకు ఆనించుకుని, ఓజెమే మనవరాలు. చర్చిలో రాసుకున్న పేరు ఒకటి ఆమెకు లేకపోలేదు. ట్రెమే పేట వీధుల్లో మాత్రం ఆమె ఓజెమే మనవరాలే. ముసలాయన మోకాళ్ళు మొరాయించిన నాటి నుంచి డ్రమ్ము పట్టీ ఆమె మెడకు చేరింది. పట్టీ చేరింది గాని పేరు చేరలేదు. పాట మధ్యలో అందరూ ఆగి డ్రమ్ము ఒక్కటే పలకవలసిన చోట, ట్రంపెట్ వాయించే పెద్ద ఆల్సీద్ ఇప్పటికీ "ఓజెమే!" అనే కేక వేస్తాడు. నోటి అలవాటు. ఆమె తాత పేరుకు పలికి, తాత పేరు మీద వాయించి, ఇంటికి వచ్చేస్తుంది.

"తాత తాళం ఉండగా ఈ సంతేమిటే?" అన్నాడు న్యూమా.

"నువ్వు వాయించు అన్నయ్యా, నేను కొడతాను. నీకే తెలుస్తుంది."

డ్రమ్ము నెత్తిన తాత తాళాన్ని బిగించింది. బట్టల హ్యాంగర్‌ను విరిచి చేసుకున్న తీగతో కొట్టింది. తేనెలా సాగే నాదం. న్యూమా ట్యూబా ఇప్పటి పాట ఎత్తుకుంది, గెంతులేయించే పాట. తేనె మీద తేనె పడింది. ఒక దెబ్బ ఇంకా మోగుతుండగానే రెండవది, దాని మీద మూడవది. వంతెన వాటన్నిటినీ తన కడుపులో కలిపి జావ కాచింది.

న్యూమా ఊదడం ఆపాడు. "ముసలాయన ముందు మాత్రం అనకు," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

అనక తప్పలేదు. సోమవారం నాడు ఎర్ర చిక్కుళ్ళ కూరలో అన్నం కలుపుతూ ఓజెమే తానే అడిగాడు.

"నా తాళానికి ఏం తక్కువయిందే?"

"తక్కువేం లేదు తాతా. ఎక్కువే ఉంది. మోగుతూనే ఉంటుంది."

"మోగక ఏడుస్తుందా?"

"నీ రోజుల్లో జనం నడిచేవాళ్ళు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఓ పెద్దమనిషి టోపీ తీసి, మర్యాద చేసి, మళ్ళీ పెట్టుకునేంత తీరిక. ఆ తీరిక నిండా మోగేది నీ తాళం. ఇప్పుడు వాళ్ళ కాళ్ళు నేలమీద ఉండవు. వాళ్ళకి మాట చెప్పి వెంటనే నోరు మూసుకునే కంచు కావాలి."

ముసలాయన చిక్కుళ్ళు చల్లారే దాకా గిన్నెలోకే చూశాడు. ఆమె మాత్రం అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

వెతుకులాట సాగింది. దుకాణం నుంచి అరువు తెచ్చిన కొత్త తాళం గదిలో వెండిలా పలికి, వీధిలోకి వచ్చేసరికి గాలిలో కలిసిపోయింది. కవాతులో వాడే దళసరిది వంతెన కింద గట్టిగానే నిలబడింది గాని, ట్రంపెట్‌తో గయ్యాళిలా పోట్లాడింది. చివరికి ఆమె చదివిన బడిలో, పాత వాయిద్యాల గదిలో, అంచు పగిలి మూలన పారేసిన తాళం ఒకటి కంటబడింది. పగులు ఎంతవరకు పాకిందో అంతవరకు చుట్టూ కోసేసింది. అరచేతులు బొబ్బలెక్కేలా ఆకురాయితో అంచు అరగదీసింది. మిగిలింది సాసరుకు పెద్దది, పళ్ళేనికి చిన్నది. గుండ్రం కూడా సరిగా కుదరలేదు.

ఛిక్.

పలికింది, ఆగింది. వంతెన దాన్ని తిరిగి ఇచ్చినా, రెండవ దెబ్బ పడేలోగానే ఇచ్చేసింది. తర్వాత ఆమె న్యూమాను ట్యూబాతో సహా ఎండలోకి, సెయింట్ ఫిలిప్ వీధి మలుపు దాకా తరిమింది. వాడు అక్కడ ఊదుతూనే, తనకు వినబడుతోందని చెయ్యెత్తాడు.

ఆల్సీద్‌కు మాత్రం ఆ వికారపు బిళ్ళ కంటబడగానే ఒళ్ళు మండింది. అప్పటికే ఆదివారం. బ్యాండు వెంట ఆడుతూ వీధులు తిరిగే పేట క్లబ్బువాళ్ళ ఊరేగింపుకు, క్లబ్బు తలుపులు తెరుచుకోబోతున్నాయి. నారింజరంగు సూట్లు, ఈకల విసనకర్రలు లోపల కదులుతున్నాయి.

"ఓజెమే కంచు ఏదే? అది ఈ బ్యాండు గొంతు!"

"ఇంట్లో ఉంది బాబాయ్. గోడకి వేలాడదీశాను."

"గోడకా!" ఆల్సీద్ పళ్ళు కొరికాడు. "వంతెన కింద చూస్తాను. అక్కడ తేలిపోయావో, పట్టీ విప్పి, ఇదిగో వెంట వస్తున్న మా మేనల్లుడికి ఇచ్చెయ్. మళ్ళీ అడగకు."

"అక్కడే చూడు బాబాయ్."

డ్రమ్ము పట్టీని మెడ మీద సరిచేసుకుంది.

తలుపులు తెరుచుకున్నాయి. వీధి వీధంతా కదిలింది. గొడుగులు గిరగిర తిరిగాయి, వసారాల మీద ముసలమ్మలు లేచి నడుము ఊపారు, సాసేజ్ కాల్చే పొగలోంచి పిల్లలు దూకారు. ఎండలో ఆమె తాళం ఆవగింజలా చిటపటలాడుతూ, వెనకవరస పాదాల దాకా వెళ్ళి వాటిని లేపింది.

వంతెన నీడ పడగానే జనం అరిచారు. అక్కడ అరవని బ్యాండును ఈ ఊరు బ్యాండు అనదు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు కప్పును బద్దలు కొట్టేలా మోగి, ఆల్సీద్ చెయ్యెత్తగానే గప్పున ఆగాయి.

"ఓజెమే!"

ఆమె వాయించింది. డ్రమ్ము గుండెలో దూరింది, తాళం మడమలో దూరింది. ప్రతి దెబ్బా విడిగా పుట్టింది, విడిగా పోయింది. జావ కాచే వంతెన ఈసారి ముత్యాలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చింది. ఒక కుర్రవాడు స్తంభం మీద కాలుపెట్టి గాల్లో తిరిగి సరిగ్గా దెబ్బ మీదే దిగాడు. న్యూమా ట్యూబా మీద వాలి పకపక నవ్వాడు. తన చేతి కింద ఊరు ఆడుతోందని ఆమెకు తెలిసింది. తెలిసి, గడ్డం పైకెత్తింది.

ఆల్సీద్ కళ్ళు పెద్దవయ్యాయి. మేనల్లుడి వైపు చూడనైనా లేదు. ఇంకొక్కసారి కావాలన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఓజెమే! మళ్ళీ!"

స్తంభం పక్కన, మడత కుర్చీలో, ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, ఓజెమే. చేతికర్రతో నేలను బాదాడు.

"ఒరే ఆల్సీద్! కళ్ళు పోయాయిరా నీకు? నేను ఇక్కడ కూర్చుని రొట్టె తింటున్నాను! ఆ వాయించేది నేనట్రా? నా జన్మలో ఈ వంతెన కింద అంత తేటగా వాయించానా? దాని మోత దానిది! పేరు పెట్టి పిలువు!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ముసలాయన నవ్వలేదు. తడిసిన కళ్ళతో, నిక్కించిన మెడతో, మనవరాలినే చూస్తున్నాడు.

ఆల్సీద్ ట్రంపెట్‌ను చంకన పెట్టాడు. తలమీది టోపీ తీశాడు. ఊపిరి నిండా పీల్చి, స్తంభాలన్నీ మారుపలికేలా కేక వేశాడు.

"ఫిలొమీన్!"