చేతికందే గది

దేముడు మోకాలి కింద చెక్కను అదిమిపట్టి ఉప్పు కాగితంతో దాని అంచు రుద్దుతున్నాడు. రుద్దిన చోట బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి చూస్తున్నాడు. ఎక్కడైనా పేడు తగిలితే మళ్లీ రుద్దుతున్నాడు. ఈ ఇంట్లో పని మొదలుపెట్టినప్పటి నుంచీ కళ్లు మూసుకుని చూడటం అతనికి అలవాటైంది. సూసన్న టీచరుకు చూపు పోతోంది. మిగిలిన ఆ కాస్తా మూడు నెలలకు మించి ఉండదని డాక్టర్లు చెప్పేశారు.

ఆ రైల్వే ఊళ్లో మలంచా పేట మెయిన్ రోడ్డు నుంచి రెండో సందు ఆవిడది. పెళ్లి చేసుకోలేదు. ముప్పయ్యారేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. టాటానగర్లో ఉన్న మేనల్లుడు రాజ్ కిరణ్ ఆవిణ్ణి అక్కడ ముసలివాళ్ల హోములో చేర్పిస్తానంటున్నాడు. ఈస్టరు నాడు అత్త చీర తిరగేసి కట్టుకుని చర్చికొచ్చిందని ఎవరో అతని చెవిన వేశారు. ఈ ఆదివారం వస్తున్నాడు. తన బట్టలు తనే తీసి కట్టుకుంటే వాడింకేమీ అనడని ఆవిడ ఆశ. అందుకే సామాన్ల గదిని బట్టల గదిగా మార్చమని దేముణ్ణి పిలిపించింది.

ఎదురింటి పూజ తన ఫోనులో రకరకాల బట్టల గదులు చూపించింది. అద్దాల తలుపులు, మెత్తగా జారే సొరుగులు, ఇంట్లో ఇల్లులా ఉన్నాయి. దేముడు అన్నీ ఓపిగ్గా చూసి తల అడ్డంగా ఊపాడు. ఆరడుగుల గదిలో తలుపులు పెడితే టీచరమ్మ తల కొట్టుకుంటుంది, సొరుగులు పెడితే వేళ్లు నలుగుతాయి, అన్నీ తెరిచే ఉండాలన్నాడు. కొత్త చెక్క కూడా కొననివ్వలేదు. పాత మంచం పట్టెలు కోసి అరలకు ఊతాలు చేశాడు. కర్టెన్ల గొట్టం చీరలకు దండెమైంది. ట్రంకు పెట్టె దండెం కింద చేరి, కూర్చుని జాకెట్టు తొడుక్కునే బల్లయింది. ఆవిణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి చెయ్యి చాపమని, వేళ్లు ఎక్కడికొచ్చాయో అక్కడ పెన్సిలుతో గీత గీశాడు. రోజూ కట్టేవన్నీ ఆ గీత మీదే.

అతనికి అరవై మూడేళ్లు. సన్నటి మనిషి. పనిముట్ల సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి దిగిపోయింది. కుడి చూపుడు వేలి గోరు ఎప్పుడో రంపం కింద పడి, రెండుగా చీలి అలాగే పెరిగింది. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికొచ్చాడు. తండ్రి వర్క్‌షాపులో బోగీలకు చెక్కపని చేస్తూ సర్వీసులోనే పోయాడు. ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒకరికిస్తామన్నప్పుడు తల్లి చిన్నవాడు జగ్గారావు పేరు రాయించింది. పెద్దాడికి చేతిలో పనుంది, ఎలాగోలా బతుకుతాడంది. దేముడు ఆ సంచీ పట్టుకుని ఇళ్ల పనులకు తిరిగాడు. భార్య తొలి కాన్పులో పోయాక ఓల్డ్ సెటిల్‌మెంటులో తమ్ముడి రైల్వే క్వార్టరు వరండాలో ఉండిపోయాడు. ఇందా పేటలో, మలంచాలో ఎందరికో బీరువాలు చేశాడు గానీ తనకంటూ ఒక్క అర చేసుకోలేదు. ఈ నెలాఖరుకు జగ్గారావు రిటైరవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

"నీవేటి సేస్తావన్నయ్యా?" అని పొద్దున తమ్ముడు తల దించుకునే అడిగాడు.

సైకిలు చక్రం నొక్కి గాలి చూసుకుంటూ, చూద్దాంలే అన్నాడు దేముడు. దారిలో రెండుసార్లు దిగి నడవాల్సొచ్చింది. గుండె మీద ఎవరో పలక పెట్టినట్టుంది. గ్యాసేమోనని వాము నమిలాడు.

మధ్యాహ్నం అరల అంచుల మీద ఉలితో గాట్లు పెట్టాడు. టీచరుతో అనుకున్నట్టే తెల్ల చీరలకు ఒక గాటు, రంగువాటికి రెండు, జాకెట్లకు మూడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఒక్కో గాటుకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. బట్టలన్నీ వాటి చోట సర్ది, మూడు గంటలకు పని ముగించాడు.

"టీచరమ్మగారూ, ఓపాలి రండి. నానేటీ సెప్పను. మీరే తీసుకోండి."

ఆవిడ గుమ్మం పట్టుకుని లోపలికొచ్చింది. వేళ్లు అర అంచు వెంట మెల్లగా పాకి, ఒకే గాటున్న చోట ఆగాయి. పైనున్న చీర లాగి గుండెకు ఆనించుకుంది.

"తెల్లదేనా?"

"తెల్లదే. నీలం అంచుది."

ఆవిడ ఆ అంచును వేళ్లతో తడిమింది. పైన ఏదో వెలుగు మసకగా తగిలినట్టుంది, తలెత్తింది.

"ఇక్కడ లైటు పెట్టినావా? నాకెందుకది?"

"సీకట్లో ఉంటే బట్టలకి ముక్క వాసనొచ్చేత్తాదమ్మా."

నిజానికి మనిషి తిరిగే చోటును చీకటిగా వదిలెయ్యడానికి అతనికి చేతులు రాలేదు.

ఆవిడ టీ పెట్టడానికి వెళ్లింది. పంచదార డబ్బా వెతుక్కుని, పాలు పొంగాయో లేదో చెవితో విని, గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. గదిలో చప్పుడు లేదు. అరల కింద గోడకు చేరగిలబడ్డ నీడలాంటిది కనిపించింది.

"తాగు దేముడూ, సల్లారిపోతాది."

బదులు రాలేదు. కునుకు పట్టిందేమో అనుకుని, ఆదివారం మేనల్లుడు వస్తే ఏం చెప్పాలో చిన్న గొంతుతో చెప్పుకుపోయింది. చాలాసేపటికి చెయ్యి చాపింది. భుజం తగిలింది, గడ్డం తగిలింది. ముక్కు దగ్గర వేళ్లు ఉంచి ఎదురుచూసింది. తర్వాత ట్రంకు పెట్టె మీద కూర్చుని, అతని తల మీద చెయ్యేసి కాసేపు ఉండి, అప్పుడు పూజను కేకేసింది.

సాయంత్రం జగ్గారావు వచ్చాడు. అన్న కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బనియనుతో ఉన్న ఆ శరీరం మీద టీచరు ఇచ్చిన దుప్పటి కప్పి తీసుకెళ్లారు. సంచీ, సైకిలు కూడా వెళ్లిపోయాయి.

ఆదివారం రాజ్ కిరణ్‌ను హాల్లో కూర్చోమని చెప్పి ఆవిడ ఒక్కతే గదిలోకి వెళ్లింది. బయటికొచ్చినప్పుడు కుచ్చిళ్లు సమంగా ఉన్నాయి, నీలం అంచు చీలమండల మీద సరిగ్గా పడింది. అతను పైనుంచి కిందిదాకా చూశాడు. ఈ ఏడాదికి ఇక్కడే ఉండు అత్తా అని మాత్రం అన్నాడు.

చర్చి నుంచి వచ్చాక చీర దండెం మీద వేస్తుంటే, గోడ వైపు కొసన ఏదో గరుగ్గా తగిలింది. తనది కాదు. తడిమింది. అరిగిన కాలరు, ఊడిన గుండీ చోట దారంతో వేసిన ముడి. ఉక్కకు విప్పి తగిలించి ఉంటాడు. జగ్గారావుకు కబురు పంపాలనుకుంది, పంపలేదు. తన చీరనే కాస్త ఇవతలికి జరుపుకుంది. దండెం కొసన ఆ చొక్కా, జేబులో గుప్పెడు రంపపు పొట్టుతో, చేతులు కిందికి వేలాడేసుకుని అలాగే ఉంది.