నోల్బెర్తో మలుపు

అన్న అని ఎందుకన్నాడు? దూరపు చుట్టాన్ననో, ఆ పేరే వినలేదనో అనకుండా అన్న అనే మాటే ఎందుకు నోటికి వచ్చింది? రొట్టెల దుకాణంలో ఆ కొత్త పిల్ల మామూలుగానే అడిగింది. వెనక వరసలోంచి ఎవరో అతన్ని ఇంటిపేరుతో కొదోసేయో అని పిలవడం విని, "ఆ మలుపు దగ్గరి నోల్బెర్తో కొదోసేయో గారికి మీరేమవుతారండీ?" అంది. నేనే ఆ నోల్బెర్తోని అనడానికే నోరు తెరిచాడు. అన్నయ్యనని అన్నాడు. ఆ పిల్ల పిండి చేతులు తుడుచుకుని, బల్ల మీదుగా వంగి అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మా అమ్మ ఆపరేషను ఆయనే గట్టెక్కించాడండీ అంది. అతని చేతిని ఎవరైనా అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆ పిల్ల పట్టుకున్నది కూడా అతని చేతిని కాదు. లేని తమ్ముడికి అన్నగా నిలబడ్డవాడి చేతిని.

అందుకే ఇవాళ గడ్డపార బండిలో వేసుకుని బయలుదేరాడు. గని నుంచి తిరిగొచ్చిన తర్వాత ఈ దారిన రావడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ కొండ మీది తారు రోడ్డునే చుట్టూ తిరిగి పోయేవాడు.

తల్తాల్ ఊరి చివరి ఇళ్ళు దాటాక తారు ఆగిపోయింది. అక్కణ్ణించి రోడ్డు రేకుల కప్పులా అలలు అలలుగా ఉంటుంది. నెమ్మదిగా పోతే పళ్ళు ఊడేలా కుదుపుతుంది. కాస్త వేగం పెంచితే బండి ఆ గట్ల తలల మీదుగా తేలిపోతుంది, కుదుపు మాయమవుతుంది. కానీ అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉంటుంది, బండి మాత్రం మాట వినదు. తన బతుకంతా ఆ వేగంలోనే నడిచిందేమో అనిపించింది నోల్బెర్తోకి. ఏదీ తగలకుండా. తగలకపోవడాన్నే హాయి అనుకుంటూ.

ఎడమవైపు సముద్రం. కుడివైపు గడ్డిపోచ కూడా లేని కొండలు, వాటి నడుముకి చుట్టుకున్న పొగమంచు. మధ్యలో ఎవరూ నడవని ఇసుక. అక్కడక్కడా నాచు ఏరుకునేవాళ్ళు ఆరబెట్టిన నల్లటి కుప్పలు. పిట్టల రెట్టతో తెల్లబడ్డ రాళ్ళ మీద సీలు జంతువులు అరుస్తున్నాయి. ఆ అరుపు దూరం నుంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. దగ్గరికి పోతే దగ్గినట్టుంటుంది.

జరిగింది చిన్న విషయం. కొన్నేళ్ళ కింద ఓ చలికాలం, సముద్రం పోటెత్తి ఉన్న రోజున, అప్పటి తన బండిని మలుపు దగ్గర ఆపి ఒంటేలుకి దిగాడు. బ్రేకు పట్టలేదు. వెనక్కి తిరిగేసరికి బండి అంచు దాటుతోంది. పాత కుర్చీలోంచి ముసలాయన లేచినంత నిదానంగా వెళ్ళి రాళ్ళ మధ్య మూతి గుచ్చుకుని నీళ్ళలో పడింది. కాసేపు చూశాడు. సిగ్గేసింది. అటు వచ్చిన ఖనిజం లారీ ఎక్కి కొండల్లోకి పోయాడు, రాగి గనిలో వంటశాలలో పని దొరికింది. దాక్కోలేదు. ఎవరికైనా కబురు పెట్టాలి కదా అని ఒక సాయంత్రం కూర్చుని ఆలోచించాడు కూడా. అమ్మ పోయింది. పెళ్ళి లేదు. ఒక్క పేరూ తట్టలేదు. తట్టకపోవడం అప్పట్లో బాధగా కూడా అనిపించలేదు, కడిగిన గిన్నెలా శుభ్రంగా అనిపించింది.

ఇక్కడ మాత్రం జనం బండిని చూశారు. పడవలేసుకుని వెతికారు. సముద్రం శవాన్ని తిరిగివ్వలేదని నిర్ధారించుకుని, ఈ తీరంలో దారిలో చనిపోయినవాళ్ళందరికీ కట్టినట్టే మలుపు దగ్గర అతని ఆత్మకి ఓ చిన్న ఇల్లు కట్టారు. అతను తిరిగొచ్చేసరికి ఆ ఇంటికి మొక్కులు మొదలయ్యాయి, తీరడమూ మొదలయ్యింది. అలాంటి గూటిని తొలగిస్తే అరిష్టం. మనిషి బతికొచ్చినంత మాత్రాన తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఎదురుగా దుమ్ము లేచింది. నాచు కట్టలతో ఓ లారీ. ఈ దారిలో రెండు బండ్లు ఎదురైతే కిటికీకి కిటికీ ఆనించి ఆపాల్సిందే, ముందు దారి ఎలా ఉందో చెప్పుకోవాల్సిందే. అవతల కిటికీలో ఆమాదో మొహం కనిపించింది. పాత స్నేహితుడు అనొచ్చు, స్నేహం అనే మాటని కాస్త వదులుగా కడితే.

"ఓరి స్వర్గీయా! నువ్వట్రా? సొంతింటికేనా ప్రయాణం?"

"అలా ముందుకి."

"ముందు ఇసుక మెత్తగా ఉంది, టైర్లలో గాలి తగ్గించుకో. అదేంటి, గడ్డపారా?"

"దిగబడితే పనికొస్తుందని."

"దిగబడితే పార కావాలి గానీ గడ్డపారతో ఏం చేస్తావురా, ఇసుకని పొడుస్తావా?" ఆమాదో నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. "అక్కడ హారను కొట్టడం మాత్రం మర్చిపోకు. ఓసారి కొట్టకుండా పోయాను, కిలోమీటరు పోకముందే టైరు పేలింది."

"నేనే కదరా ఆ చచ్చినవాణ్ణి. నాకు నేనే కొట్టుకోవాలా?"

"నువ్వు నువ్వే. ఆయన ఆయనే. నీతో నాకేం భయంరా?" అని గేరు వేశాడు.

దుమ్ము సర్దుకునేదాకా నోల్బెర్తో అక్కడే ఉన్నాడు. ఆయన. తనని ఈ తీరంలో ఎవరూ ఎప్పుడూ ఆయన అనలేదు.

టైర్లలో గాలి తీశాడు. మెత్తటి ఇసుకలో బండి పడవలా ఊగుతూ పోయింది. ఒక ఖాళీ తీరం, తర్వాత ఇంకో ఖాళీ తీరం. మొదటిదానిలో ఉన్న ఏకాంతమే రెండోదానిలోనూ ఉంటుందని అనుకుంటాం, కానీ ఉండదు. ఒక్కొక్కటీ మరికొంచెం చేరుస్తుంది. నిన్న అన్నయ్యనని అన్నవాడు రేపు ఇంకెవరినంటాడో? ఆ పేరు పూర్తిగా ఆ రేకుల గూటికే వెళ్ళిపోయాక, అద్దె గదిలో పడుకునే ఈ ఒంటిని ఏమని పిలవాలి? పగలగొట్టాలి. పేరు వెనక్కి తెచ్చుకోవాలి. అంతకన్నా ఆలోచించడానికి ఏమీ లేదని తనకి తాను గట్టిగా, పైకే, చెప్పుకున్నాడు. బండిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మలుపు తిరగగానే కనిపించింది. మోకాలెత్తు ఇల్లు, నీలం రంగు వేసిన రేకులు. చుట్టూ నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ పూలు, కోరిక తీర్చినందుకు కృతజ్ఞతలంటూ రాసిన పలకలు. దారిలో పోయిన మిగతావాళ్ళ గూళ్ళలో ఫొటో ఉండే చోట, మునిగిన అతని పాత బండి స్టీరింగు ఉంది. అతని ఫొటో ఎవరి దగ్గరా దొరకలేదు మరి. బండి ఆపి గడ్డపార పట్టుకుని దిగాడు.

ఇంటి ముందు ఓ ముసలామె గొంతుక్కూర్చుని కొవ్వొత్తి వెలిగించడానికి అగ్గిపుల్లతో కుస్తీ పడుతోంది. ఎర్సీరా. కింది గుడిసెలో ఒంటరిగా ఉండి నాచు ఏరుకుంటుంది. ఒకప్పుడు ఆమె కట్టల్ని ఊళ్ళో కాటా దగ్గరికి చేరవేసింది తనే.

"ఎవరది? కాస్త గాలికి అడ్డం నిలబడు. అగ్గి నిలవట్లేదు."

నిలబడ్డాడు. కొవ్వొత్తి వెలిగింది.

"నేనమ్మా, నోల్బెర్తోని."

ఆమె బూట్ల దగ్గర మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వచ్చింది. "చెప్పార్లే, బతికే ఉన్నావని. ఒళ్ళు చేశావు."

"గనిలో తిండి బాగుండేది."

"ఆ ఇనుప ముక్క ఎందుకూ?"

"దీన్ని తీసేద్దామని."

"నువ్వు కట్టావా, తియ్యడానికి?"

"నా పేరు మీద ఉందమ్మా."

"పేరు మీద ఉంటే నీదైపోద్దా? ఆ రేకులు నా నెత్తిన మోశాను. రంగు ఆమాదో తెచ్చాడు."

"నేను చావలేదు కదమ్మా!"

"చావకపోతే అది నీ తప్పు. ఆయనదేముంది అందులో?"

నోల్బెర్తోకి నవ్వు రాబోయి ఆగింది. ఎర్సీరా చేతులు దులుపుకుంది.

"నీ సంగతి నాకు తెలీదనుకున్నావా? అప్పట్లో కట్టలెక్కించేదాకా బండి దిగేవాడివి కాదు. ఏంటమ్మా సంగతులు అనేవాడివి. నేను నోరు తెరిచేలోపే బండి కదిలేది. ఇంజను శబ్దానికి చెప్పేదాన్ని నా సంగతులు. ఈయన అలా కాదు. కూర్చుంటాడు."

అతను గడ్డపార చెయ్యి మార్చుకున్నాడు.

"పగలగొట్టుకో. పట్టుకుని ఆపే ఓపిక నాకెక్కడిది? ఇవాళ్టి మాట మాత్రం చెప్పుకోనీ. పొద్దుటి నుంచి మోసుకొచ్చాను." అని ఆమె అతనికి వీపు పెట్టి, రాయి మీద ఇంటివైపు తిరిగి కూర్చుంది.

"కుక్క పోయింది, నోల్బెర్తో," అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. కానీ ఆ పిలుపు స్టీరింగుకి.

"మూడు పూటల నుంచి ముట్టలేదు. చేప ముల్లు తీసి పెట్టినా ముట్టలేదు."

ఆగింది. ఆ ఆగడంలో సముద్రం ఒకసారి వచ్చి వెళ్ళింది. మళ్ళీ అందుకుంది.

"గుడిసె వెనక పూడ్చాను. కింద రాయి తగిలింది, లోతుగా తవ్వలేకపోయా. పైన బండలు పేర్చా, రాబందులు లాగకుండా."

మళ్ళీ ఆగింది. అప్పుడు గమనించాడు నోల్బెర్తో. ఊపిరి కోసం ఆగడం కాదది. అవతలివాడు ఒక మాట అనడానికి ఎంత చోటు కావాలో సరిగ్గా అంతే చోటు వదులుతోంది. వదిలి, ఆ చోట్లో గాలి తప్ప ఏమీ రాకపోతే, వచ్చిందనుకుని ముందుకి పోతోంది. ఇన్నాళ్ళూ ఇలాగే. తను గనిలో గిన్నెలు తోముతూ ఎవరూ తట్టడం లేదనుకున్న సాయంత్రం కూడా, ఇక్కడ ఈమె ఇలాగే చోటు వదిలి ఎదురుచూసి ఉంటుంది.

పారిపోవాలనిపించింది. బండి అయిదడుగుల దూరంలోనే ఉంది. గడ్డపార చెయ్యి జారి ఇసుకలో చప్పుడు లేకుండా పడింది. ఆమె వెనక, ఆమెకి కనిపించని చోట, మెల్లగా కింద కూర్చున్నాడు.

"తలుపు తీస్తే ఇప్పుడు ఎవరూ మొరగరు," అంది ఎర్సీరా. "అది అలవాటవ్వాలి."

ఆగింది.

"ఊఁ," అన్నాడు నోల్బెర్తో.